స్విచ్‌కి ఈ అడ్రస్ ఎవరు చెప్పారు?

నెట్‌వర్క్ ఉద్యోగాల్లో ఒక రకం ఫిర్యాదు తరచూ వస్తుంటుంది. ప్రింటర్ దొరకడం లేదంటారు, ఫైల్ సర్వర్ తెరుచుకోవడం లేదంటారు. ఇంజినీరు లేచి అక్కడికి వెళ్లేసరికి అంతా మామూలుగా పనిచేస్తుంటుంది. లేదంటే వెళ్లి స్విచ్‌ని రీబూట్ కొడతాడు, సమస్య తీరిపోతుంది, ఆ మంచిపేరు రీబూట్ ఖాతాలో పడుతుంది. వారం తిరక్కుండా అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. ఈసారి ఎవరైనా గడియారం చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా ఆ సమస్య దాదాపు ఐదు నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటోంది.

ఐదు నిమిషాలంటే 300 సెకన్లు. స్విచ్‌ల తొలి ప్రమాణపత్రం ఐ ట్రిపుల్ ఈ 802.1డీ, నేర్చుకున్న అడ్రస్‌ను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పినప్పుడు పెట్టిన డిఫాల్ట్ విలువ అదే. 10 సెకన్ల నుంచి 10 లక్షల సెకన్ల వరకు ఎంతైనా పెట్టుకోవచ్చని కూడా అందులోనే ఉంది. కానీ ఎక్కువమంది డిఫాల్ట్‌ను ముట్టుకోరు. అందుకే ఐదు నిమిషాల్లో నయమయ్యే జబ్బు కనిపించగానే అనుభవజ్ఞుల చూపు కేబుల్ మీదికి కాక నేర్చుకున్న అడ్రస్‌లు రాసి ఉండే మ్యాక్ టేబుల్ మీదికి పోతుంది. ఎక్కడో పాత అడ్రస్ ఒకటి చెరగకుండా మిగిలిపోయింది. దాన్ని అక్కడ రాసిందెవరు?

నాలుగైదేళ్లు పనిచేసినవాళ్లు కూడా ఈ ప్రశ్న వేసుకోరు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో చదివినా, ఇంట్లో వీడియోలు చూసి సీసీఎన్‌ఏ పాసైనా, ‘స్విచ్ సోర్స్ అడ్రస్ చూసి నేర్చుకుంటుంది’ అన్న ఒక్క వాక్యం దగ్గర పాఠం ఆగిపోతుంది. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. స్విచ్‌లో ఏ భాగం నేర్చుకుంటుందో మాత్రం అది చెప్పదు. చిప్ నేర్చుకుంటుందా, చిప్ పక్కనున్న ప్రాసెసర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుందా, ఇద్దరూ ఎవరికి వారే నేర్చుకుంటారా? ఈ తేడా తెలిసినవాడు గంటలో తేల్చే సమస్యను తెలియనివాడు మూడు రోజులు మోస్తాడు.

అసలు ఈ నేర్చుకోవడమన్న ఆలోచన 1980ల మొదట్లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పుట్టింది. మార్క్ కెంఫ్ అనే ఇంజినీరు రెండు ఈథర్‌నెట్‌ల మధ్య కూర్చునే పెట్టె ఒకటి తయారుచేశాడు. ఎవరూ ఏమీ కాన్ఫిగర్ చేయనక్కర్లేదు. వచ్చే ప్రతి ఫ్రేమ్ మీద పంపినవారి అడ్రస్ చూసి, ‘ఇతను ఈ వైపున్నాడు’ అని రాసుకుంటుంది. తర్వాత ఎవరైనా అతనికి పంపితే ఆ రాతను బట్టి దారి చూపిస్తుంది, రాత లేకపోతే అన్ని వైపులకూ పంపేస్తుంది. దాని పేటెంట్‌కు 1983లో దరఖాస్తు చేస్తే 1986లో వచ్చింది. ఆ పెట్టెలతో లూపు ఏర్పడితే ఫ్రేములు అంతం లేకుండా తిరుగుతాయి కదా, ఆ చిక్కును విప్పిన స్పానింగ్ ట్రీని 1985లో అదే కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ రూపొందించింది. 1990లో కల్పన అనే సిలికాన్ వ్యాలీ కంపెనీ ఇదే పనిని ఏడు పోర్టుల ఈథర్‌స్విచ్‌గా మార్కెట్‌లోకి తెచ్చింది. వ్యవస్థాపకుల్లో ఒకరైన వినోద్ భరద్వాజ్ భారతీయ మూలాలున్నవాడు, కంపెనీకి భార్య పేరు పెట్టుకున్నాడు. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. నలభై ఏళ్లు గడిచినా కెంఫ్ సూత్రం మారలేదు. ఆ రాత రాసే చెయ్యి మాత్రం మారుతూ వచ్చింది.

ఎందుకు మారిందో చిన్న లెక్క చెబుతుంది. ఈథర్‌నెట్‌లో అతి చిన్న ఫ్రేమ్ 64 బైట్లు. ముందు వచ్చే 8 బైట్లు, వెనక వదలాల్సిన 12 బైట్ల ఖాళీ కలిపితే 84 బైట్లు, అంటే 672 బిట్లు. పాత 10 మెగాబిట్ల లైను మీద అలాంటి ఫ్రేమ్ ఒకటి దాటడానికి 67.2 మైక్రోసెకన్లు పట్టేది, సెకనుకు 14,880 ఫ్రేములు. ఒక గిగాబిట్ దగ్గర అది 672 నానోసెకన్లకు పడిపోయింది. 100 గిగాబిట్ల పోర్టు దగ్గర 6.72 నానోసెకన్లు, సెకనుకు 14.88 కోట్ల ఫ్రేములు. మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు 6.72 నానోసెకన్లలో దొరికేది ఇరవై క్లాక్ సైకిళ్లు. మామూలు మెమరీలోంచి ఒక్క విలువ చదివి తెచ్చేలోపే అలాంటి ఫ్రేములు అరడజనుకు పైగా దాటిపోతాయి. అదీ ఒక్క పోర్టు మాటే. కాబట్టి టేబుల్‌లో వెతికి దారి చూపే పని చిప్‌లోనే జరగాలి. ఇందులో ఎవరికీ పేచీ లేదు.

అసలు పేచీ నేర్చుకోవడం దగ్గర ఉంది. వెతకడం ప్రతి ఫ్రేముకూ జరగాలి, నేర్చుకోవడం అలా కాదు. ఐదువందల కంప్యూటర్లున్న ఆఫీసులో ఉదయం తొమ్మిదికీ పదికీ మధ్య ఐదువందల కొత్త అడ్రస్‌లు వస్తాయి, అంతే. తర్వాత రోజంతా తిరిగేది ఆ ఐదువందలే. పైగా ఒక అడ్రస్ నేర్చుకోవడం కాస్త ఆలస్యమైనా కొంప మునగదు. దారి తెలియని ఫ్రేమ్ అన్ని పోర్టులకూ వెళ్తుంది, చేరాల్సినవాడికి చేరనే చేరుతుంది. నేర్చుకునే పని తీరిగ్గా చేయవచ్చు గనుక దాన్ని సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే తప్పేముంది అన్నది ఒక పక్షం. ఎలాగూ చిప్ ఆ ఫ్రేమును చూస్తోంది, పంపినవారి అడ్రస్ టేబుల్‌లో లేకపోతే అక్కడికక్కడే రాసేస్తే పోలేదా అన్నది రెండో పక్షం. రెండు పద్ధతుల స్విచ్‌లూ మార్కెట్‌లో ఉన్నాయి. చాలా చిప్‌లలో పోర్టుకో పద్ధతి పెట్టుకునే వీలు కూడా ఉంటుంది.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వాచ్‌మన్‌కూ, రిజిస్టర్ పట్టుకుని కూర్చునే అసోసియేషన్ సెక్రటరీకీ ఉన్న తేడా ఇది. వాచ్‌మన్ ముఖం ఒకసారి చూస్తే చాలు, తర్వాత ఆపడు. సెక్రటరీ పేరు, ఫ్లాట్ నంబరు అడిగి రాసుకుని, అవసరమైతే ఓనరుకు ఫోన్ కొట్టి, అప్పుడు సరేనంటాడు.

చిప్ నేర్చుకునే విధానాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే దాని బలహీనతలు అందులోనే ఉన్నాయి. 48 బిట్ల అడ్రస్‌నూ, వీల్యాన్ నంబరునూ కలిపి చిప్ ఒక హ్యాష్ లెక్క కడుతుంది. ఆ లెక్క ఒక బకెట్‌ను చూపిస్తుంది. బకెట్‌లో కొన్ని గదులుంటాయి. నాలుగు అనుకుందాం. ఖాళీ గది ఉంటే అడ్రస్‌నూ పోర్టునూ రాసేస్తుంది, పక్కన ‘ఈ మధ్య కనిపించాడు’ అనే గుర్తుగా ఒక బిట్ పెడుతుంది. అప్పుడప్పుడూ టేబుల్ మొత్తం ఒక చుట్టు తిరిగి ఆ బిట్లను తుడుస్తుంది. మరుసటి చుట్టుకు కూడా బిట్ మళ్లీ వెలగకపోతే ఎంట్రీని చెరిపేస్తుంది. ఏజింగ్ అంటే ఇంతే.

ఒకే బకెట్‌లోకి ఐదో అడ్రస్ వస్తే? దానికి చోటు లేదు. టేబుల్‌లో వేల గదులు ఖాళీగా ఉన్నా దానికి మాత్రం లేదు. డేటాషీట్‌లో ‘16,000 మ్యాక్ అడ్రస్‌లు’ అని ఉంటుంది, టేబుల్ సగం కూడా నిండలేదని కమాండ్ చెబుతుంది, అయినా ఒక కెమెరాకు వెళ్లే ట్రాఫిక్ అంతా అన్ని పోర్టులకూ వరదలా పారుతూనే ఉంటుంది. ఇంజినీరు కెమెరాను మారుస్తాడు, కొత్త కెమెరాకు కొత్త అడ్రస్ కాబట్టి అది వేరే బకెట్‌లో పడి బాగా పనిచేస్తుంది, పాత కెమెరా చెడిపోయిందని చెత్తలో వేస్తారు. దాని తప్పేమీ లేకపోయినా.

చిప్‌కు విచక్షణ కూడా ఉండదు. చూసిందల్లా నమ్ముతుంది. ఈ అమాయకత్వం మీదనే ఒక పాత దాడి నడుస్తుంది. 2000 ప్రాంతంలో డగ్ సాంగ్ విడుదల చేసిన డీస్నిఫ్ అనే సాధనాల సంచిలో మ్యాకాఫ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. అది కల్పిత అడ్రస్‌లతో ఫ్రేములు గుప్పిస్తుంది. చిప్ అన్నిటినీ నేర్చుకుంటుంది. కాసేపట్లో టేబుల్ నిండుతుంది, నిజమైన అడ్రస్‌లకు చోటు దొరకదు, వాటికి వెళ్లే ట్రాఫిక్ అన్ని పోర్టుల్లోనూ కనిపించడం మొదలవుతుంది. దాడి చేసినవాడు కూర్చున్నచోటే వింటాడు. దీనికి విరుగుడుగా వచ్చిన పోర్ట్ సెక్యూరిటీని సిస్కో స్విచ్‌లో ఆన్ చేస్తే డిఫాల్ట్‌గా ఆ పోర్టులో ఒక్క అడ్రస్‌నే ఒప్పుకుంటుంది, రెండోది కనిపిస్తే పోర్టును మూసేస్తుంది. చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పోర్ట్ సెక్యూరిటీ ఆన్ చేసిన క్షణం నుంచి చాలా స్విచ్‌లలో ఆ పోర్టు మీద నేర్చుకునే పని చిప్ చేతిలోంచి సాఫ్ట్‌వేర్ చేతిలోకి వెళ్తుంది. లెక్కపెట్టాలి, పోల్చాలి, లాగ్ రాయాలి, మూయాలి. ఇవన్నీ సెక్రటరీ పనులే కదా.

సాఫ్ట్‌వేర్ పద్ధతిలో తెలియని అడ్రస్ కనిపించినప్పుడు చిప్ ప్రాసెసర్‌కు కబురు పెడుతుంది. ప్రాసెసర్ ఆలోచించి టేబుల్‌లో రాయమంటుంది. లాభాలు చాలా ఉన్నాయి. ఎవరిని ఎప్పుడు ఏ పోర్టులో చూశామో చరిత్ర ఉంటుంది. పోర్టుకు ఇన్ని, వీల్యాన్‌కు ఇన్ని అని పరిమితి పెట్టవచ్చు. ఒకే అడ్రస్ రెండు పోర్టుల మధ్య ఎగిరెగిరి పడుతుంటే, అంటే మ్యాక్ ఫ్లాపింగ్ జరుగుతుంటే, గట్టిగా కేక వేయవచ్చు. ఫ్లాపింగ్ లాగ్ కనిపిస్తే చాలాసార్లు ఎక్కడో లూపు ఉందని అర్థం. ఎవరో ఒకే కేబుల్ రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో గుచ్చి ఉంటారు.

నష్టం ఒకటే, కానీ అది ముంచుకొచ్చేది సరిగ్గా గడ్డుకాలంలో. లింకు ఒకటి తెగి స్పానింగ్ ట్రీ దారి మారిందనుకుందాం. పాత స్పానింగ్ ట్రీ అయితే ఏజింగ్ సమయాన్ని 300 సెకన్ల నుంచి 15కు కుదిస్తుంది. 2001లో వచ్చిన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ అయితే వెంటనే టేబుల్‌ను తుడిచేస్తుంది. అప్పుడు వేల అడ్రస్‌లను ఒక్కసారిగా మళ్లీ నేర్చుకోవాలి. చిప్ అయితే ఫ్రేములు వచ్చినంత వేగంగా రాసుకుంటూ పోతుంది. ప్రాసెసర్ దగ్గర మాత్రం క్యూ పెరుగుతుంది, ఆ క్యూ తరిగేదాకా ట్రాఫిక్ అంతా ఫ్లడ్ అవుతూ ఉంటుంది. అదే సమయంలో అదే ప్రాసెసర్ స్పానింగ్ ట్రీ ప్యాకెట్లు కూడా పంపాలి. ఆ ప్యాకెట్లు ఆలస్యమైతే పక్క స్విచ్ దారి మళ్లీ మారిందనుకుంటుంది. చిన్న జ్వరం సన్నిపాతంగా మారేది ఇక్కడే. మంచి స్విచ్‌లు కబుర్లను గుంపుగా పంపి, వాటికి వేరే క్యూ కేటాయించి ఈ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. అన్నీ మంచి స్విచ్‌లు కావు.

పెద్ద ఛాసిస్ స్విచ్‌లలో మరో చిక్కు ఉంది. సిస్కో క్యాటలిస్ట్ 6500 దీనికి పాఠ్యపుస్తకంలాంటి ఉదాహరణ. దాని లైన్‌కార్డుల మీద విడివిడిగా ఫార్వర్డింగ్ కార్డులు పెట్టవచ్చు, అప్పుడు ప్రతి కార్డుకూ సొంత మ్యాక్ టేబుల్ ఉంటుంది. ప్రతి కార్డూ తన గుండా వచ్చిన ఫ్రేములను చూసి హార్డ్‌వేర్‌లో నేర్చుకుంటుంది. ఒక కార్డు గుండా పంపినవాడి ఫ్రేములు రావడం ఆగిపోతే అక్కడ ఆ ఎంట్రీ చెరిగిపోతుంది, పక్క కార్డులో మాత్రం బతికే ఉంటుంది. దానితో ఒక కార్డు నుంచి ట్రాఫిక్ సరిగ్గా వెళ్తుంది, ఇంకో కార్డు నుంచి వరదైపోతుంది. అందుకే కార్డుల మధ్య టేబుళ్లను సరిచూసే సింక్రనైజేషన్ ఫీచర్ పెట్టారు. దాని డిఫాల్ట్ వ్యవధి 160 సెకన్లు, ఏజింగ్ సమయం దానికి కనీసం మూడు రెట్లు, అంటే 480 సెకన్లు, ఉంచమన్నారు. ఆ 480 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండానే ఎంతోమంది కాన్ఫిగరేషన్‌లో కాపీ చేసుకుంటూ వచ్చారు. నేర్చుకునేవాళ్లు చాలామంది ఉన్నప్పుడు వాళ్ల రాతలను కలిపే మధ్యవర్తి కావాలి, ఆ మధ్యవర్తి ఎంత తరచుగా వస్తాడో దాన్ని బట్టి పుట్టిన అంకె అది.

అన్నిటికంటే ఎక్కువ నేర్పే ఉదాహరణ మాత్రం పెద్ద డేటా సెంటర్‌లో లేదు, ఇంట్లో టీవీ పక్కనున్న వైఫై రౌటర్‌లో ఉంది. చాలా రౌటర్లలో లినక్స్ నడుస్తుంది. వెనక కనిపించే నాలుగు ల్యాన్ పోర్టులు ఒక చిన్న స్విచ్ చిప్‌వి. ఆ చిప్ నుంచి ప్రాసెసర్‌కు ఒక లోపలి పోర్టు ఉంటుంది. వైఫై ప్రాసెసర్ వైపు ఉంటుంది. లినక్స్ ఈ ల్యాన్ పోర్టులనూ వైఫైనీ కలిపి ఒకే బ్రిడ్జ్‌గా చూపిస్తుంది. దీనికి డీఎస్‌ఏ అనే వ్యవస్థ లినక్స్‌లో 2008 నుంచి ఉంది. అంటే ఇక్కడ రెండు టేబుళ్లు ఉన్నాయి. చిప్‌లో ఒకటి, లినక్స్ బ్రిడ్జ్‌లో ఒకటి. ఇద్దరూ ఎవరికి వారే నేర్చుకుంటారు.

ఇప్పుడు ఇంట్లో మేడ మీద ఇంకో యాక్సెస్ పాయింట్ ఉందనుకుందాం, దాని కేబుల్ కింది రౌటర్ ఒకటో ల్యాన్ పోర్టులో ఉంది. రెండో పోర్టులో ప్రింటర్ ఉంది. ఒకరు ఫోన్ పట్టుకుని మేడ మీద కూర్చున్నారు. ఫోన్ నుంచి వచ్చే ఫ్రేములు ఒకటో పోర్టు గుండా వస్తాయి కాబట్టి ‘ఈ ఫోన్ ఒకటో పోర్టులో ఉంది’ అని చిప్ రాసుకుంటుంది. ఆ మనిషి మెట్లు దిగి కిందికి వచ్చారు. ఫోన్ కింది రౌటర్ వైఫైకి మారింది. ఇప్పుడు లినక్స్ బ్రిడ్జ్ ‘ఫోన్ వైఫైలో ఉంది’ అని రాసుకుంది. చాలా మంచిది. కానీ ఫోన్ ప్రింటర్‌కు పంపిన ఫ్రేము ప్రాసెసర్ నుంచి లోపలి పోర్టు ద్వారా, ‘ఇది రెండో పోర్టుకు’ అన్న ట్యాగుతో చిప్‌కు వస్తుంది. ఇలా ట్యాగుతో వచ్చిన ఫ్రేముల నుంచి చాలా చిప్‌లు నేర్చుకోవు. చిప్ మనసులో ఫోన్ ఇంకా మేడ మీదే ఉంది. ప్రింటర్ జవాబు పంపింది. చిప్ టేబుల్ చూసింది, ఒకటో పోర్టులోకి తోసేసింది. జవాబు మేడెక్కి గాలిలో కలిసిపోయింది. ప్రాసెసర్‌కు ఆ సంగతే తెలియదు, ఎందుకంటే ఆ ఫ్రేము దాని దగ్గరికి రానే లేదు.

ఇక్కడ అసలు ఆధారం ఒకటి దొరుకుతుంది. ఆ ఫోన్‌లో ఇంటర్నెట్ మాత్రం చక్కగా నడుస్తుంటుంది. యూట్యూబ్ వస్తుంది, వాట్సాప్ వస్తుంది. ఎందుకంటే బయటి నుంచి వచ్చే ట్రాఫిక్‌ను ప్రాసెసరే రౌటింగ్ చేసి నేరుగా వైఫైకి పంపుతుంది, చిప్ టేబుల్ జోలికి పోదు. ఇంటర్నెట్ వస్తోంది, పక్కనున్న ప్రింటర్ మాత్రం రావడం లేదు, ఐదు నిమిషాలకు అదే వచ్చింది. ఈ మూడు లక్షణాలూ కలిసి కనిపిస్తే రెండు టేబుళ్లు గొడవ పడుతున్నాయని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. వైఫై సిగ్నల్‌ను తిట్టుకోనక్కర్లేదు, ప్రింటర్ డ్రైవర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

2021లో వచ్చిన లినక్స్ 5.12లో దీనికి ఒక పద్ధతైన మందు చేరింది. బ్రిడ్జ్ వైఫై వైపు ఒక అడ్రస్ నేర్చుకోగానే, దాన్ని చిప్ టేబుల్‌లో కూడా ‘ఇది ప్రాసెసర్ పోర్టు వైపు ఉంది’ అని రాయిస్తుంది. చిప్ నేర్చుకోలేనిచోట సాఫ్ట్‌వేర్ నేర్చుకుని చెబుతుంది. చిప్ డ్రైవర్ ఈ సాయం కోరుకోవాలి, రౌటర్‌లోని ఫర్మ్‌వేర్ కొత్తదై ఉండాలి. ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని రౌటర్‌లో పాత జబ్బు పాతగానే ఉంటుంది.

దీన్ని కళ్లతో చూడడానికి లినక్స్‌లో ‘బ్రిడ్జ్ ఎఫ్‌డీబీ షో’ అనే కమాండ్ ఉంది. అది వరసగా అడ్రస్‌లు చూపిస్తుంది. పక్కన కొన్ని చిన్న మాటలుంటాయి, చాలామంది వాటిని చదవరు. ‘మాస్టర్’ అని ఉంటే అది బ్రిడ్జ్ సాఫ్ట్‌వేర్ టేబుల్‌లోది. ‘సెల్ఫ్’ అని ఉంటే ఆ పరికరం సొంత టేబుల్‌లోది, అంటే డీఎస్‌ఏ చిప్ అయితే హార్డ్‌వేర్‌లోది. ‘ఎక్స్‌టర్న్ లర్న్’ అని ఉంటే బ్రిడ్జ్ తనంతట తాను విని నేర్చుకున్నది కాదు, చిప్పో ఇంకో ప్రోగ్రామో బయటి నుంచి చెప్పినది. ఒకే అడ్రస్ ‘మాస్టర్’ వరసలో ఒక పోర్టులో, ‘సెల్ఫ్’ వరసలో ఇంకో పోర్టులో కనిపించిందా, దొంగ దొరికినట్టే.

ఖర్చు లేకుండా సాధన చేయడానికి పాత ల్యాప్‌టాప్ ఒకటి చాలు. లినక్స్‌లో నేమ్‌స్పేస్‌లు రెండో మూడో చేసి, వాటిని ఒక బ్రిడ్జ్‌కు తగిలించి, ఒక కిటికీలో ‘బ్రిడ్జ్ మానిటర్ ఎఫ్‌డీబీ’ నడుపుతూ ఇంకో కిటికీలో పింగ్ కొడితే, అడ్రస్ నేర్చుకుంటున్న క్షణం కళ్లముందు కనిపిస్తుంది. ఒక పోర్టులో లెర్నింగ్ ఆపేసి ఫ్రేములు ఎక్కడెక్కడికి పోతున్నాయో టీసీపీడంప్‌తో చూడవచ్చు. ఏజింగ్ తగ్గించి చూడాలనుకునేవాళ్లు ఒక్క విషయంలో జాగ్రత్తపడాలి. ‘ఐపీ లింక్’ కమాండ్‌లో ఆ విలువ సెకన్లలో కాక సెకనులో నూరో వంతుల్లో ఉంటుంది. అందుకే మామూలు బ్రిడ్జ్‌ను అడిగితే 300 బదులు 30000 అని చూపిస్తుంది. అక్కడ 300 అని కొట్టినవాడు ఐదు నిమిషాలు పెట్టాననుకుంటాడు, పెట్టింది మూడు సెకన్లు.

ఎవరూ నేర్చుకోకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇంకొకటి ఉంది, అది ఇంటర్వ్యూల్లోనూ వస్తుంటుంది. సిస్కో రౌటర్లలో ఏఆర్‌పీ ఎంట్రీ డిఫాల్ట్‌గా నాలుగు గంటలు బతుకుతుంది. స్విచ్‌లో మ్యాక్ ఎంట్రీ ఐదు నిమిషాలే. రెండు రౌటర్లున్న నెట్‌వర్క్‌లో ఒక సర్వర్‌కు ట్రాఫిక్ ఒక రౌటర్ నుంచి వస్తూ, జవాబులు రెండో రౌటర్ గుండా పోతున్నాయనుకుందాం. మొదటి రౌటర్ పక్కనున్న స్విచ్‌కు ఆ సర్వర్ పంపే ఫ్రేము ఒక్కటీ కనిపించదు. ఐదు నిమిషాలకు ఎంట్రీ చెరిగిపోతుంది. రౌటర్‌కు మాత్రం ఏఆర్‌పీ ఇంకా గుర్తుంది కాబట్టి అడగకుండా పంపుతూనే ఉంటుంది, స్విచ్ అంతా ఫ్లడ్ చేస్తూనే ఉంటుంది, మిగిలిన మూడు గంటల యాభై అయిదు నిమిషాలూ. ఇక్కడ ఏ టేబుల్‌లోనూ తప్పు రాత లేదు, అసలు రాతే లేదు. ఏజింగ్‌ను ఏఆర్‌పీ గడువు కంటే కాస్త ఎక్కువ చేయడమో, ఏఆర్‌పీ గడువును ఏజింగ్ కంటే తక్కువకు దించడమో చేస్తే సరిపోతుంది. రెండోదే మేలు. పాత ఎంట్రీలు గంటల తరబడి వేలాడడం కంటే కొన్ని ఏఆర్‌పీ ప్రశ్నలు ఎక్కువ తిరగడం నయం.

డేటా సెంటర్ వైపు వెళ్లేవాళ్లకు ఈ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. 2014 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7348 వీఎక్స్‌ల్యాన్‌ను వివరించినప్పుడు కెంఫ్ నాటి పద్ధతినే వాడింది, వరదలా పంపు, వచ్చినదాన్ని చూసి నేర్చుకో. ఏడాది తిరక్కుండానే, 2015 ఫిబ్రవరిలో, ఆర్‌ఎఫ్‌సీ 7432 ఈవీపీఎన్‌ను తెచ్చింది. ఇందులో ఒక స్విచ్ తన కింద ఉన్న సర్వర్ల అడ్రస్‌లను స్థానికంగా నేర్చుకుని, వాటిని బీజీపీ ద్వారా మిగతా స్విచ్‌లకు ప్రకటిస్తుంది. దూరంగా ఉన్న స్విచ్ ఫ్రేము వచ్చేదాకా వేచి ఉండదు, సాఫ్ట్‌వేర్ చెప్పగానే తన చిప్‌లో రాయిస్తుంది. ఒక వర్చువల్ మెషీన్ చోటు మారితే ప్రకటనలో వరస సంఖ్య పెరుగుతుంది, పెద్ద సంఖ్యదే చెల్లుతుంది. 180 సెకన్లలో ఐదుసార్లు చోటు మారితే అదే అడ్రస్ రెండుచోట్ల ఉందని అనుమానించి ఆపేయాలని కూడా డిఫాల్ట్ పెట్టారు. ఇలాంటి తీర్పు చెప్పడం ఒంటరి చిప్ వల్ల కాదు.

వీఎంవేర్ పాత వర్చువల్ స్విచ్ అయితే అసలు నేర్చుకోనే నేర్చుకోదు. తన మీదున్న మెషీన్లకు అడ్రస్‌లు ఇచ్చింది తనవాళ్లే కాబట్టి విని తెలుసుకోవాల్సిన అవసరం దానికి లేదు. కానీ మెషీన్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మారినప్పుడు బయటి అసలు స్విచ్‌లకు ఆ సంగతి తెలియాలి. అందుకే మెషీన్ మారిన వెంటనే వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్‌ఎక్స్‌ఐ దాని పేరు మీద ఆర్‌ఏఆర్‌పీ ఫ్రేములు పంపుతుంది. వాటికి ఎవరూ జవాబు ఇవ్వనక్కర్లేదు. స్విచ్‌లు వాటిని చూసి పోర్టు మార్చుకోవడమే వాటి ప్రయోజనం. ఆ ఫ్రేములు దారిలో ఎక్కడైనా ఆగిపోతే, చోటు మారిన మెషీన్ తానుగా ఏదైనా పంపేదాకా చేరుకోలేకుండా ఉండిపోతుంది. అరుదుగా మాట్లాడే మెషీన్ అయితే మళ్లీ ఆ ఐదు నిమిషాలే.

ఇవన్నీ చదివిన యువ ఇంజినీరు పని తీరులో మారాల్సింది ఒకటుంది. ఫిర్యాదు రాగానే ‘క్లియర్ మ్యాక్ అడ్రస్ టేబుల్’ కొట్టడం మానాలి. అది పనిచేస్తుంది, అదే దానితో వచ్చిన చిక్కు. సమస్యతో పాటు సాక్ష్యం కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు ‘షో’ కమాండ్ కొట్టి, వచ్చినదంతా ఒక ఫైల్‌లో దాచుకోవాలి. కంపెనీ ఇచ్చిన డయాగ్నస్టిక్ కమాండ్‌తో చిప్‌లోని టేబుల్ విడిగా చూసే వీలుంటే దాన్నీ దాచాలి, ఎందుకంటే మామూలు ‘షో’ కమాండ్ చాలాసార్లు సాఫ్ట్‌వేర్ దగ్గరున్న నకలునే చూపిస్తుంది. తర్వాత మూడు సంగతులు తేల్చుకోవాలి. ఈ అడ్రస్‌ను ఎవరు విన్నారు, ఎక్కడెక్కడ రాశారు, దాన్ని చెరిపే బాధ్యత ఎవరిది. మూడోదాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. చిప్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్ చెరిపేచోట, సాఫ్ట్‌వేర్ నేర్చుకుని చిప్ ఏజింగ్ చేసేచోట, ఒకరి కబురు ఇంకొకరికి అందక ఎంట్రీలు అనాథలుగా మిగిలిపోతాయి. వెండర్‌కు టికెట్ రాసేటప్పుడు ఈ మూడింటికీ జవాబు రాసి పంపితే, మొదటి రెండు రోజులు ‘కేబుల్ మార్చి చూశారా’ అన్న ప్రశ్నలతో వృథా కావు.

హార్డ్‌వేర్ లెర్నింగ్ మేలా, సాఫ్ట్‌వేర్ లెర్నింగ్ మేలా అని అడిగితే జవాబు చోటును బట్టి ఉంటుంది. కంప్యూటర్లు, ఫోన్లు, కెమెరాలు తగిలించే ఆఫీసు స్విచ్‌లో చిప్ నేర్చుకోవడమే మంచిది, బయటివాళ్లు తగిలించగల పోర్టుల్లో మాత్రం పోర్ట్ సెక్యూరిటీ ఆన్ చేయాలి. రెండు స్విచ్‌లు కలిసి ఒకటిగా నటించే జతల్లో, ఓవర్‌లే నెట్‌వర్క్‌లలో సాఫ్ట్‌వేర్ పెత్తనం తప్పదు, అందుకు తగ్గ ప్రాసెసర్ ఉన్న పెట్టెనే కొనాలి. సగం చిప్, సగం సాఫ్ట్‌వేర్ నేర్చుకునే పరికరం అన్నిటికంటే ఎక్కువ నిఘా కోరుతుంది.

కొనే అధికారం ఉన్నవాళ్లకు చివరిగా ఒక మాట. డేటాషీట్‌లో మ్యాక్ టేబుల్ సైజు ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. స్విచ్ ఎన్ని అడ్రస్‌లను నిజంగా పట్టుకుంటుందో, సెకనుకు ఎన్ని నేర్చుకుంటుందో కొలిచే పద్ధతి 2000 ఆగస్టులోనే ఆర్‌ఎఫ్‌సీ 2889లో వచ్చింది. ఆ రెండు పరీక్షల ఫలితాలూ, టేబుల్ తుడిచాక మళ్లీ నిండడానికి పట్టే సమయమూ లిఖితంగా ఇమ్మని అమ్మేవారిని అడగండి. ఇవ్వలేమంటే డెమో యూనిట్ తెప్పించుకుని మీరే కొలవండి, ఆ తర్వాతే ఆర్డర్ ఇవ్వండి.